కథలలో రంగులు పలుకు మాట

మొన్న వేసవిలో ఒక రాత్రి విద్యుద్దీపము లాఱిపోగా, ఇంటి పిల్లలందఱును పెరటిలో నా చుట్టు చేరి కథ చెప్పుమని పట్టుపట్టిరి. నా చిన్ననాట మా నాయనమ్మ చెప్పిన కథయే యెత్తుకొంటిని. తెల్లని రాచకూతురు, నల్లని రక్కసి. రక్కసి రాచకూతురు నెత్తుకొని పోవును. రాకొమరుడు ఏడు సముద్రములు దాటి తెచ్చును. కథ సగములో నుండగా మా మనుమరాండ్రలో నడిమిది, ఎనిమిదేండ్ల పిల్ల, నా మోకాలిపై చేయి వైచి మెల్లగా అడిగినది: "అమ్మమ్మా! ఆ రక్కసిది నా రంగేనా?"

తక్కిన పిల్లలు నవ్విరి. ఆ పిల్లది మా వంశపు నలుపు. నా తల్లిది నదే రంగు. నాకు వెంటనే మాట తోచక "కాదమ్మా, అది యింకను నలుపు" అంటిని. అన్న మఱుక్షణముననే, నేను చెప్పినది సమాధానము కాదనియు, తప్పును ఇంకొక మెట్టు పైకెక్కించితిననియు నాకు తెలిసినది. కథ ముగిసినది, రాచకూతురు ఇల్లు చేరినది. కాని ఆ పిల్ల మాత్రము మఱి మాటాడలేదు.

సోదరీమణులారా! ఇండ్లలో కథలు చెప్పువారము మనము. కథలో ఏ రంగు ఏ మాట పలుకవలెనో నిర్ణయించువారమును మనమే. కావున ఈ విషయము కొంచెము నిదానించి యోచింపదగినదని నాకు తోచినది.

కథలో రంగును రెండు విధములుగ వాడవచ్చును. పాత్ర నొసట చీటి యంటించినట్లు, తెలుపైన మంచి, నలుపైన చెడ్డ యని చెప్పివేయుట యొకటి. మనసులో కలుగు మార్పును కన్నులకు కట్టునట్లు చూపుట రెండవది. మొదటిది సులభము, అందుచేతనే చేయితిరిగిన కథకులు దానిపై నాధారపడరు. మన పెద్ద కథలను, నాటకమును, బొమ్మలను పరికించినచో, రంగు తనంతట తాను మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. అది మాఱినచోటను, వేఱొక రంగు ప్రక్క నిలిచినచోటను మాత్రమే మాటాడునని తెలియును.

ఇందుకు మొదటి సాక్ష్యము మన వాడుకమాటలే. సిగ్గుపడిన పిల్ల చెక్కిళ్లు కెంపెక్కినవందుము. కోపించినవాడు కన్నులెఱ్ఱ చేసెనందుము. దుర్వార్త విన్న తల్లి మొగము తెల్లబోయినదందుము. పరువు దప్పినవాని మొగము నల్లబడినదందుము. పిల్లాపాపలతో కళకళలాడు సంసారమును పచ్చని కాపురమందుము. మొగమును గూర్చిన యీ మాటలలో ఒక్కటియు పుట్టుకతో వచ్చిన మేనిచాయను చెప్పునది కాదు. ఎక్కినది, పోయినది, పడినది – అన్నియు జరిగిన పనులే. తెల్లగా నున్న మొగము వేఱు. తెల్లబోయిన మొగము వేఱు. మొదటిదానిలో కథ లేదు. రెండవదానిలో, ఏమి జరిగినదో యని వినువారి గుండె ఝల్లుమనును.

శాస్త్రకారులును ఈ విషయమును పట్టించుకొనిరి. భరతముని పేర వెలసిన నాట్యశాస్త్రపు ఆఱవ యధ్యాయమున ఎనిమిది రసములకు ఎనిమిది రంగులు చెప్పబడినవి. శృంగారమునకు శ్యామము, హాస్యమునకు తెలుపు, కరుణమునకు పావురపు రంగు, రౌద్రమునకు ఎఱుపు, వీరమునకు గౌరము, భయానకమునకు నలుపు, బీభత్సమునకు నీలము, అద్భుతమునకు పసుపు. ముసురుపట్టిన నాడు గుడిగోపురముపై ఒదిగి కూర్చున్న పావురమును చూచినవారికి, కరుణకు ఆ బూడిదచాయ యేల చెప్పిరో వేఱుగ వివరింప నక్కఱలేదు. అన్నిటికంటె నన్ను నిలిపినది మొదటి మాట. ప్రేమకు రంగు శ్యామము; దానికి అధిదేవత విష్ణువు. భయమునకు నలుపు చెప్పిన మాటయు నిజమే. కాని అది భయపడువాని చుట్టు కమ్ముకొను చీకటి రంగని నా యభిప్రాయము. దానిని భయపెట్టువాని మేనికి పూసినది మన తొందరపాటే.

ఇక కథలలోనికి పోదము. వాల్మీకి రామాయణమున హనుమంతుడు లంకకు పోవువఱకు సీతను దగ్గఱనుండి చూచి యెఱుగడు. అశోకవనమున రాక్షసస్త్రీల నడుమ చిక్కి సగమై కూర్చున్న యొక యిల్లాలిని చూచెను. ఆమె సీత యని యెట్లు నమ్మవలెను? ఆమె కట్టినది ఒకే వస్త్రము, పచ్చని పట్టు, మాసినది, నలిగినది. రావణుడు ఎత్తుకొని పోవునపుడు సీత తన సొమ్ములను ఉత్తరీయమున మూటగట్టి కొండపైనున్న వానరుల నడుమ జాఱవిడిచెను గదా. ఆ యుత్తరీయపు రంగు హనుమంతునకు జ్ఞాపకమున్నది. ఈ చీర చిరకాలము కట్టుటచే ఎంత నలిగినను, దాని వన్నె మాత్రము ఆ యుత్తరీయపు వన్నెయే యని అతడు పోల్చుకొనెను.

ఈ ఘట్టమున కవి సీత దుఃఖించినదని మాటలతో చెప్పుటకు ముందే ఆ చీర చెప్పినది. మాసిన భాగము ఎన్ని నెలలు గడచినవో చెప్పినది. మిగిలిన పసుపు ఆమె యింకను ఆమెయే యని చెప్పినది. అదే చీర కొత్తదై మెఱయుచు నుండినచో మన కంట నీరు రాదు. పూర్తిగా రంగు వెలసియుండినచో హనుమంతునకు ఆనవాలే లేదు. మాపునకును మెఱుపునకును నడుమనున్న ఆ పసుపులోనే ఆ ఘట్టమంతయు నున్నది.

అదే సుందరకాండమున త్రిజట కన్న కల యున్నది. ఆ కలలో రాముడు తెల్లని పూలమాలలు, తెల్లని వస్త్రములు ధరించి వచ్చును. రావణుడు తల గొఱిగించుకొని, నూనె పూసికొని, ఎఱ్ఱని బట్టలు కట్టి, గన్నేరు మాలలు వైచుకొని గాడిదలను పూన్చిన బండిపై దక్షిణమునకు పోవును. లంకలో ఒక్క విభీషణునకు మాత్రము తెల్లని గొడుగు పట్టబడియుండును. యుద్ధ మింకను ఆరంభమే కాలేదు. ఒక్క బాణమును విడువబడలేదు. అయినను ఎవరు గెలుతురో, ఎవరు పోవుదురో, ఎవరు మిగులుదురో మూడు రంగుమాటలలో తేలిపోయినది.

అట్లని ఎఱుపు చావురంగనియు తెలుపు గెలుపురంగనియు పిల్లలకు నేర్పుదమా? మన నొసటి కుంకుమ ఎఱుపే. మన చేతి గోరింట ఎఱుపే. ఇక తెలుపు సంగతి చూడుడు. పెండ్లిపీటలపై పసుపు అంచుగల తెల్లని మధుపర్కములు కట్టుకొని పెండ్లికూతురు తలంబ్రాలు పోయును. ఆ తెలుపు చూచి ఊరంతయు సంతోషించును. ఒకప్పుడు ఆ పిల్లకే భర్త పోయినచో, రంగులన్నియు లాగివైచి తెల్లచీర కట్టబెట్టిరి. ఆ తెలుపు చూచి ఊరంతయు తప్పుకొని నడచినది. బట్ట యదే, రంగు నదే. మొదటి దినమున అది ఆమె కట్టుకొన్నది, రెండవ దినమున ఆమెకు కట్టబెట్టినది. భేదమంతయు అందే యున్నది. కావున కథకురాలు "తెల్లచీర" యని యూరకుండిన చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి చేత కట్టిరో చెప్పినప్పుడే ఆ తెలుపు నవ్వునో యేడ్చునో వినువారికి తెలియును.

మనసులోని భావము మేనిరంగుగ మాఱిన కథ యొకటి భారతమున నున్నది. వంశము నిలుపుటకై సత్యవతి తన కుమారుడగు వ్యాసుని పిలిపించెను. ఆయన మేను నలుపు, జడలు కపిలవర్ణము, కన్నులు నిప్పులు. అంబిక ఆ రూపమును చూడజాలక కన్నులు మూసికొనెను. ఆమెకు పుట్టుగ్రుడ్డియగు ధృతరాష్ట్రుడు కలిగెను. అంబాలిక కన్నులు మూయలేదు గాని వెఱపుచే పాలిపోయెను. ఆమె కొడుకు ఆ పాలిపోయిన రంగుతోనే పుట్టి పాండురాజను పేర పరగెను. మూడవమాఱు అంబిక తాను పోక దాసిని పంపినది. ఆ దాసి వెఱవలేదు. ఆయనను ఆదరముతో కొలిచినది. ఆమె కడుపున విదురుడు పుట్టెను.

ఈ కథను చిన్ననాటినుండి వినుచునే యున్నాము. కాని అందులోని రంగుల లెక్కను నేను చాల నాళ్లకు గాని గమనింపలేదు. ఆ కథలో తెలుపు భయపు గుఱుతు. నలుపు మహర్షిది. ఆ నలుపును చూచి కన్ను మూసిన రాణికి చీకటి దక్కినది. చూచి పాలిపోయిన రాణికి పాలిపోయిన కొడుకు దక్కెను. చూచియు బెదరని దాసికి, ధర్మము తెలిసిన విదురుడు దక్కెను. వ్యాసునకు కృష్ణద్వైపాయనుడని పేరు. అనగా ఈ కథ చెప్పినవాడే నల్లనివాడు.

అదే ఆదిపర్వమున ఒక రంగుపై పందెము వేసిన అప్పచెల్లెండ్ర కథ గలదు. కద్రువయు వినతయు ఉచ్చైశ్శ్రవమను గుఱ్ఱమును దూరమునుండి చూచిరి. గుఱ్ఱమంతయు తెలుపే యని వినత. తోక నలుపని కద్రువ. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెను. నిజమునకు తోక తెలుపే. కద్రువ తన కొడుకులగు సర్పములను పిలిచి, పోయి ఆ తోకను పట్టి వ్రేలాడి నల్లగ కనబడునట్లు చేయుడని ఆజ్ఞాపించెను, ఒల్లనివారిని శపించెను. మఱునాడు తోక నల్లగ కనబడినది. వినత దాసి యైనది. గరుత్మంతుడు అమృతము తెచ్చి విడిపించువఱకు ఆ దాస్యము తీరలేదు. ఇక్కడ నలుపునందు పాపము లేదు, తెలుపునందు పుణ్యమును లేదు. ఉన్నది లేనట్లును, లేనిది ఉన్నట్లును చూపించిన తల్లి యందున్నది పాపము. ఈ భేదమును ఎనిమిదేండ్ల పిల్లకు చెప్పి చూడుడు. మనకంటె ముందుగా గ్రహించును.

రంగస్థలమున ఈ నేర్పు ఇంకను సూక్ష్మముగ నుండును. కేరళదేశపు కథకళిలో రాముడు, కృష్ణుడు, నలుడు మొదలగు ధీరపాత్రలకు ముఖమున పచ్చరంగు పూయుదురు. అయితే రావణునకును ఆ పచ్చరంగే పూయుదురు! అతడు గొప్ప కులమున పుట్టినవాడు, వీరుడు, సంగీతమెఱిగినవాడు. ఆ గౌరవమును దాచరు. కాని చెక్కిళ్లపై కత్తివలె ఎఱ్ఱని గుఱుతు దిద్ది, ముక్కు కొనను, నొసటను తెల్లని బుడిపెలు నిలుపుదురు. మంచివాని రంగులోనే గర్వము చొచ్చుకొని వచ్చినట్లు కనబడును. దుష్టుడనగా వేఱుజాతి కాదు, చెడిన మంచివాడు అను మాటను ఒక్క ఎఱ్ఱగీత చెప్పుచున్నది.

మన తోలుబొమ్మలాటలో రంగు మఱియొక రీతిగ పనిచేయును. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట నేటికిని ఈ కళకు పేరుపడిన గ్రామము. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. వెలుతురు బారునట్లు పలుచగ చేసిన తోలుకు రంగులద్ది, తెఱవెనుక దీపము పెట్టుదురు. పగటిపూట పెట్టెలో నున్నపుడు ఆ బొమ్మ రంగులు మందముగ నుండును. దీపము వెనుకకు రాగానే ప్రాణము పోసికొనును. బొమ్మను తెఱకు ఆనించిన రంగు స్పష్టము. కొంచెము వెనుకకు లాగిన రంగు చెదరి నీడగును. బొమ్మ మాఱకయే దాని మనఃస్థితి మాఱినట్లు కనబడును.

రంగుల మాట వచ్చినపుడు తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తి కలంకారిని విడువరాదు. రామాయణ భారతములను గుడ్డపై వ్రాయు పని యది. దేవతలకు నీలము, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎఱుపు మొదలగు రంగులు వేయుట అక్కడి సంప్రదాయము. అంతమాత్రమే చూచినచో, అదియు చీటి యంటించుటయే యనిపించును. కాని ఆ పని జరుగు క్రమమును చూడుడు. ముందుగా నూలుగుడ్డను కరక్కాయ కలిపిన బఱ్ఱెపాలలో తడిపి ఆరవేయుదురు. తరువాత తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో చాల దినములు నానవేసి పులియబెట్టిన రసమును, దూది గాని గుడ్డ గాని చుట్టిన వెదురుకలముతో గైకొని గీతలు గీయుదురు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలినతోడనే ఆ రసము చిక్కని నలుపగును. ఈ నల్లని గీతయే మొట్టమొదటిది. రాముని విల్లు, సీత కన్ను, హనుమంతుని తోక, అన్నియు ముందుగా నలుపులోనే పుట్టును. పటిక పూసినచోట పట్టు ఎఱుపు గాని, పసుపు గాని, నీలి గాని దాని తరువాతనే వచ్చును. వచ్చియు ఆ గీత చెప్పినచోటనే నిలుచును. నలుపు లేనిచో ఆ గుడ్డపై కథయే లేదు. ఆ నలుపును మన వంటింటి బెల్లముతో చేయుదురన్నమాట తెలిసిన నాడు నాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు.

రంగే లేకుండ రంగు పలికించినవారును గలరు. 1957లో వచ్చిన మాయాబజారు నలుపు తెలుపుల చిత్రము. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అందులో చూపిన వెన్నెల పడవ విహారమును ముసలివారు నేటికిని తలచుకొందురు. 2010లో ఆ చిత్రమునకు రంగులద్ది మరల విడుదల చేసిరి. అదియు జనులను మెప్పించినది. కాని మొదటి చిత్రమున ఆ వెన్నెల మన మనసును తాకుటకు కారణము, చుట్టునున్న నీటి నలుపే. చీకటిని తీసివైచినచో వెన్నెలకు చోటెక్కడిది?

ఇంతటి సంపద చేతనుండియు మనము ఇంటిలో చెప్పు కథలలో నలుపును రక్కసికి, తెలుపును రాచకూతురికి పంచిపెట్టి ఊరకున్నాము. పాండవుల పట్టమహిషి ద్రౌపది నల్లనిది. అందుచేతనే ఆమెకు కృష్ణ యని పేరు. ఆమె సౌందర్యమునకు స్వయంవర మండపమున రాజలోకమంతయు చకితమైనది. రాముడు నీలమేఘశ్యాముడని ఉదయము పూజలో చదివి, సాయంకాలము పెండ్లిచూపులలో "పిల్ల కొంచెము రంగు తక్కువ" యని పెదవి విఱుచు ఇండ్లు మనలో లేవా? రంగుకు తక్కువ యెక్కువలు ఎక్కడివి? ఆ మాట వినిన పిల్ల అద్దము ముందు నిలిచి మొగమునకు ఏమేమి పూసికొనుచున్నదో తల్లులకు తెలియును. ఆ అద్దపు మాట కథలలోనే మొదలగునని నాకు ఆ వేసవిరాత్రి తెలిసినది.

కావున కథ చెప్పు సోదరీమణులకు నా యనుభవమున తోచిన మాటలు రెండు మూడు విన్నవించెదను. దుష్టుని దుష్టత్వమును వాని పనిలో చూపుడు, మేనిలో చూపవలదు. రంగును చెప్పినప్పుడు వట్టి పేరు చెప్పక, పిల్ల యెఱిగిన వస్తువుతో చెప్పుడు: నేరేడుపండు నలుపు వేఱు, కాటుక నలుపు వేఱు, వానకు ముందు మబ్బు నలుపు వేఱు, ఒకటి నోరూరించును, ఒకటి కన్నును చల్లబఱచును, ఒకటి రైతును ఆనందపెట్టును. కథకంతకు ఒకటి రెండు రంగులు చాలును. అన్ని రంగులు గుమ్మరించినచో ఏదియు నిలువదు. ఎన్నుకొన్న రంగును మొదట నొకమాఱు సంతోషమున చూపి, నడుమ కష్టమున మాఱ్చి, తుద మరల తెచ్చి చూపుడు. తల్లి యూరికి పోయినపుడు దండెముపైనున్న ఆమె చిలుకపచ్చ చీర యెండకు వెలసినదని చెప్పుడు. బిడ్డకు బెంగ కలిగినదని వేఱుగ చెప్పవలసిన పని లేదు.

పది దినములు గడచినపిమ్మట పిల్లలు మరల కథ యడిగిరి. అదే కథ మరల చెప్పితిని. ఈసారి రాచకూతురు నేరేడుపండు చాయది; ఆమె తోటలో ఎఱ్ఱమందారములు. రక్కసి కోటలో కాలు పెట్టగనే మందారములు వెలవెలబోయినవి; దీపము సన్నగిల్లినది; అద్దములలో మొగములు పాలిపోయినవి. రక్కసి రంగును నేను చెప్పలేదు.

మా నడిమి మనుమరాలు కొంతసేపు విని, "అమ్మమ్మా! మఱి రక్కసిది ఏ రంగు?" అని యడిగినది.

"నీవే చెప్పుము" అంటిని.

అది కన్నులు మూసికొని యోచించి, "ఒళ్లు ఊదారంగు. పళ్లు మాత్రము పచ్చన, ఎప్పుడూ తోముకోదు గనుక" అన్నది.

పిల్లలందఱును నవ్విరి. ఈసారి ఆ పిల్లయు వారితో కలిసి నవ్వినది.